దామరవాయి రాకాసి గుళ్లకు పిల్లలతో వెళ్లొచ్చా?

ప్రశ్న (హన్మకొండ నుంచి):
తాడ్వాయి దగ్గర దామరవాయి అడవిలో రాకాసి గుళ్లని పిలిచే పాతకాలపు రాతి సమాధులున్నాయని విన్నాం. సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్దామంటే మా అత్తమ్మ ఒప్పుకోవడం లేదు. "బొందలగడ్డకు పిక్నిక్ ఏంది బిడ్డా?" అంటోంది. అంత దూరం వెళ్లి చూడాల్సినవేనా, ఉత్త బండలేనా?

జవాబు (ములుగు, సోషల్ టీచర్):
బండలేనమ్మా. నిలబెట్టిన పలకలు, వాటిమీద ఒక కప్పుబండ. కానీ వంగి లోపలికి తొంగిచూడండి. కొన్నింటిలో రాతిని తొలిచిన తొట్టి ఉంటుంది. చచ్చినవాళ్లను పెట్టింది అందులోనే. ఇవి ఇనుపయుగం నాటివి, కాకతీయుల కంటే వెయ్యేళ్లకు పైగా పాతవి. మనమేమో ఓరుగల్లు కోటతోనే చరిత్ర మొదలైనట్టు మాట్లాడతాం, నాకు ఒళ్లు మండేది అక్కడే.

అక్కడి ఇసుకరాయి పొరలు పొరలుగా లేస్తుంది, పలకలు అంత సాపుగా వచ్చింది అందుకే. మరి కప్పుబండను పైకెట్లా ఎక్కించారు? మా ఎనిమిదో తరగతి పిల్లలు దీనిమీద గంటసేపు కొట్లాడుకున్నారు. మట్టికట్ట పోసి లాగారని ఒకడు, ఏనుగులని ఇంకొకడు. మీ పిల్లల్నీ ఇదే అడగండి, బస్సులో వచ్చేటప్పుడు సెల్‌ఫోన్ అడగరు.

జవాబు (కాజీపేట, బైక్ మీద తిరిగేవాణ్ణి):
సార్, దయచేసి దారి మాత్రం చెప్పకండి. గుప్తనిధుల పిచ్చిగాళ్లు తవ్వి పడేసినవి చాలు. ఇంక రీల్స్ బ్యాచ్ కూడా దిగితే బీరుసీసాలు తప్ప ఏం మిగలవు.

జవాబు (టీచర్):
తమ్ముడూ, తవ్వేటోనికి దారి నువ్వు చెప్పాలా, నేను చెప్పాలా? జనం వచ్చిపోయే చోట గడ్డపార దించాలంటే వాడికే భయం. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. ఎవరూ పట్టించుకోకపోతే ఎక్కేవా? సీసాల సంగతి నువ్వన్నది నిజమే, కాదనను.

ప్రశ్న అడిగినావిడ:
అత్తమ్మ తానూ వస్తానంటోంది! కాకపోతే పిల్లలు తొట్లను ముట్టొద్దట, ఇంటికి రాగానే తలస్నానం చేయాలట. ఎప్పుడు వెళ్తే మంచిది?

జవాబు (టీచర్):
ముట్టకపోవడమే రాళ్లకూ మంచిది, పెద్దావిడ మాట వినండి. ఫిబ్రవరిలో రండి, ఆకు రాలి గుళ్లు దూరం నుంచే కనబడతాయి. వానాకాలం గడ్డిలో పాముల టెన్షన్. చుట్టూ ఏటూరునాగారం అభయారణ్యం కాబట్టి ముందు తాడ్వాయిలో అటవీ సిబ్బందికి చెప్పండి. ఊళ్లో తెలిసినవాళ్లను ఎవరినైనా వెంటబెట్టుకోండి, ఖాళీ చేతులతో పంపకండి. ఫొటోలకని కప్పుబండ ఎక్కనివ్వకండి. ఒరిగిన పలకలున్నాయి.