పిల్లలు పెరగబోయే చోటు: ఊరి నడుమ చిన్న ఫ్లాటా, శివారులో పెద్ద ఇల్లా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాకు ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయికి ఏడేళ్లు, చిన్నవాడికి మూడేళ్లు. మేమిద్దరమూ ఉద్యోగాలు చేస్తున్నాము. పదేళ్లుగా అద్దె ఇళ్లలో ఉంటూ కూడబెట్టిన సొమ్ముకు బ్యాంకు రుణం జోడించి ఈ ఏడాది సొంత ఇల్లు కొనాలని నిశ్చయించుకున్నాము. అయితే ఏ ఇల్లు అన్న దగ్గరే ఆగిపోయి, మూడు నెలలుగా అడుగు ముందుకు వేయలేకపోతున్నాము.

మొదటిది ఊరి నడుమ, మా ఆఫీసులకు ఇరవై నిమిషాల దూరంలో ఉన్న రెండు పడకగదుల పాత ఫ్లాటు. అమ్మాయి చదివే బడికి అక్కడినుంచి నడిచి వెళ్లవచ్చు. కాని భవనం ముందున్న రోడ్డు మీద తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా బస్సులూ లారీలూ తిరుగుతూనే ఉంటాయి. రెండవది శివారులో, దాదాపు అదే ధరకు వస్తున్న మూడు పడకగదుల కొత్త ఇల్లు. చుట్టూ కాస్త పెరడు కూడా ఉంది. అయితే ఆఫీసుకు ఒక్కో వైపు గంటంబావు ప్రయాణం, బడికి వాహనం తప్పనిసరి. మా వారు పెరడున్న ఇంట్లోనే పెరిగారు కనుక ఆయన మనసు అటే ఉంది. నాకు మాత్రం సాయంత్రం ఐదింటికి పిల్లలు ఎవరి కళ్లెదుట ఉంటారన్నదే దిగులు.

తెలిసినవారిని ఎవరిని అడిగినా, రేపు ఏ ఇంటి ధర ఎక్కువ పెరుగుతుందన్న మాటే చెబుతున్నారు. నేను అడుగుతున్నది అది కాదు. పిల్లలు పదిహేనేళ్లపాటు పెరగబోయే చోటుగా చూస్తే దేనికి ఎక్కువ విలువ ఇవ్వాలి, దేన్ని వదులుకున్నా పరవాలేదు? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం 1

మీరు చెప్పిన రెండవ ఇంటి వంటి ఇంట్లో మేము ఆరేళ్లు ఉన్నాము కనుక అక్కడి సంగతే చెబుతాను. ఇల్లు చూడటానికి ఆదివారం ఉదయం వెళ్లాము. ముప్పై ఐదు నిమిషాల్లో చేరుకున్నాము. గదులు చూశాము, గాలీ వెలుతురూ చూశాము, పెరట్లో ఏ మూల ఏ చెట్టు నాటాలో కూడా మాట్లాడుకున్నాము. ఆ ఇంట్లో చేరాక వచ్చిన మొదటి సోమవారం అదే దారి గంటన్నర పట్టింది, ఆ తరువాత ఏనాడూ గంటకు తగ్గలేదు.

ఒక్కో వైపు గంటంబావు అంటే రోజుకు రెండున్నర గంటలు. ఏడాదికి 240 పనిదినాలు అనుకుంటే 600 గంటలు, అంటే రాత్రీ పగలూ కలిపి ఇరవై ఐదు రోజులు. మీరిద్దరూ వెళతారు కనుక ఇంటికి యాభై రోజులు. ఆ సమయమంతా మీ నిద్రలోంచో, పిల్లలు బడినుంచి వచ్చాక పడుకునేలోపు మీకు దక్కే ఆ మూడు నాలుగు గంటల్లోంచో పోతుంది. వారంలో మూడు రోజులు నేను తలుపు తీసేసరికి మా అబ్బాయి నిద్రపోయి ఉండేవాడు. వాడు మొదటిసారిగా ఒక కథ మొత్తం తానే చదివాడన్న సంగతి నాకు మరునాడు ఫోనులో తెలిసింది. ఇన్నేళ్లయినా అది తలచుకుంటే బాధగానే ఉంటుంది.

బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టుట్జర్ అనే ఆర్థికవేత్తలు జర్మనీ కుటుంబాల సమాచారాన్ని పరిశీలించి 2008లో ఒక వ్యాసం ప్రచురించారు. దూర ప్రయాణాన్ని ఎంచుకునేవారు మంచి ఇల్లో, మంచి జీతమో దొరుకుతుందనే ఎంచుకుంటారు కనుక చివరికి లెక్క సరిపోవాలి. కాని ప్రయాణ సమయం పెరిగేకొద్దీ జీవితం పట్ల సంతృప్తి తగ్గుతూ వచ్చిందని వారు గమనించారు. మా అనుభవమూ అదే. కొత్త గది సంతోషం ఆరు నెలలకే అలవాటుగా మారింది, దారిలోని విసుగు మాత్రం ఆరేళ్లయినా అలవాటు కాలేదు.

పెరడు గురించి మీ వారికి ఒక్క మాట చెప్పండి. మాకూ పెరడు ఉండేది, అందులోకి ఆడుకోవడానికి వచ్చే పిల్లలే లేకపోయారు. మావాడి స్నేహితులందరూ బడి చుట్టుపక్కలే ఉండేవారు. అక్కడికి వెళ్లాలంటే ఎవరో ఒకరు బండి తీయాలి, ఆ ఎవరో ఒకరు దారిలో చిక్కుకుని ఉండేవారు.

సమాధానం 2

పై సమాధానం రాసినవారి బాధ అర్థమవుతోంది, ప్రయాణం గురించి వారు చెప్పినదంతా నిజం. అయినా అంతమాత్రాన మొదటి ఫ్లాటు కొనేయండి అని నేను చెప్పలేను, ఎందుకంటే ఆ రోడ్డు చిన్న విషయం కాదు.

డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే పట్టణ ప్రణాళికా ఆచార్యుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో పక్కపక్కనే ఉన్న మూడు వీధులను పోల్చి చూశారు. ఒక దానిలో రోజుకు సుమారు 2,000 వాహనాలు, రెండవదానిలో 8,000, మూడవదానిలో 16,000 తిరిగేవి. 1972లో ప్రచురించిన ఆ పరిశీలన ప్రకారం, తక్కువ వాహనాలున్న వీధిలోనివారికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులుంటే, ఎక్కువ వాహనాలున్న వీధిలోనివారికి సగటు ఒక్కరికంటే తక్కువే. వాహనాలు తక్కువగా ఉన్న చోట మనుషులు అరుగుల మీద కూర్చున్నారు, పిల్లలు వీధిలో ఆడుకున్నారు. ఎక్కువగా ఉన్న చోట కిటికీలు మూసుకుని లోపలి గదుల్లోకి జరిగిపోయారు. సాయంత్రం ఐదింటికి పిల్లలు ఎవరి కళ్లెదుట ఉంటారని మీరు అడిగారు కదా, ఆ కళ్లు వీధిలో ఉంటాయా లేదా అన్నది చాలావరకు ఆ వీధిలో తిరిగే వాహనాలే నిర్ణయిస్తాయి.

చప్పుడు సంగతి మరొకటి. అర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త న్యూయార్క్‌లో రైలు వంతెన పక్కనే ఉన్న ఒక బడిని 1975లో పరిశీలించారు. పట్టాల వైపు గదుల్లో కూర్చునే పిల్లలు ఆరో తరగతికి వచ్చేసరికి అవతలి వైపు గదుల్లోని పిల్లలకంటే చదవడంలో దాదాపు ఏడాది వెనకబడి ఉన్నారు. పట్టాల కింద రబ్బరు మెత్తలు వేసి, తరగతి గదుల పైకప్పులకు శబ్దాన్ని పీల్చుకునే పలకలు అమర్చాక ఆమె మళ్లీ వెళ్లి చూస్తే ఆ తేడా మాయమైంది. పిల్లలు అదే బడిలో, అదే పాఠాలు చదువుతున్నవారే. అందుకే మీ ఫ్లాటులో పిల్లలు పడుకునే గది, చదువుకునే గది రోడ్డు వైపున ఉన్నాయా, వెనుక వైపున ఉన్నాయా అన్నది నేనైతే ధరకంటే ముందు అడుగుతాను.

గాలి గురించి కూడా చెప్పాలి. దక్షిణ కాలిఫోర్నియాలో 3,677 మంది పిల్లలను దాదాపు పదేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్లపాటు పరీక్షించి 2007లో ఫలితాలు వెల్లడించారు. పెద్ద రహదారికి 500 మీటర్లలోపు నివసించినవారి ఊపిరితిత్తుల సామర్థ్యం, 1,500 మీటర్లకు అవతల ఉన్నవారితో పోలిస్తే తక్కువగా పెరిగింది. అవి వేలాది వాహనాలు వేగంగా పోయే రహదారులు కనుక మీ రోడ్డుకు అదే దూరాన్ని కొలమానంగా పెట్టుకోనక్కరలేదు. కాని పిల్లల ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతున్న వయసులో ఉన్నాయని గుర్తుంచుకుంటే చాలు.

నా సలహా ఏమిటంటే, ఊరి నడుమనే ఉండండి, ఆ రోడ్డు మీద మాత్రం వద్దు. అక్కడినుంచి రెండు మూడు వీధులు లోపలికి వెళ్లి వెతకండి. ఒక గది తగ్గినా పరవాలేదు.

సమాధానం 3

పిల్లల వయసు గురించి ఎవరూ ప్రస్తావించలేదు కనుక రాస్తున్నాను. 1994లో అమెరికా ప్రభుత్వం బాల్టిమోర్, బోస్టన్, షికాగో, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ నగరాల్లో ఒక పెద్ద ప్రయోగం మొదలుపెట్టింది. కడుపేదరికం ఉన్న ప్రాంతాల్లో ప్రభుత్వ గృహాల్లో నివసించే దాదాపు 4,600 కుటుంబాల్లో కొందరికి, లాటరీ పద్ధతిలో, పేదరికం తక్కువగా ఉన్న ప్రాంతాలకు మారేందుకు అద్దె సాయం అందించింది. పెద్దల సంపాదనలో మార్పు రాలేదని తేలడంతో మొదట్లో చాలామంది నిరాశపడ్డారు. ఆ పిల్లలు పెద్దవారయ్యాక రాజ్ చెట్టి, నథానియల్ హెండ్రెన్, లారెన్స్ కాట్జ్ మళ్లీ లెక్క చూశారు. పదమూడేళ్లలోపు అలా మారిన పిల్లలు ఇరవైల నడిమికి వచ్చేసరికి, సాయం అందని కుటుంబాల పిల్లలకంటే సుమారు 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. పదమూడు దాటాక మారినవారికి ఆ లాభం కనిపించలేదు, పైగా కాస్త నష్టమే కనిపించింది.

దీన్ని మీకు యథాతథంగా వర్తింపజేయడం తప్పవుతుంది. మీ రెండు ప్రాంతాల మధ్య అంత అగాధం లేదు, ఎటు వెళ్లినా మీ పిల్లల బతుకు తలకిందులు కాదు. అయితే ఇందులోంచి రెండు విషయాలు మీకు పనికివస్తాయని నా నమ్మకం. మంచి చోటు ప్రభావం అక్కడ గడిపిన ఏళ్లను బట్టి పోగుపడుతుంది కనుక, చిన్నవాడికి మూడేళ్లే ఉన్న ఈ సమయం మారడానికి అనువైనదే. అలాగే, కౌమారంలో స్నేహితుల నుంచి పిల్లలను విడదీయడం తేలిక కాదు. మీ అమ్మాయి పదమూడుకు చేరడానికి ఆరేళ్లుంది. ఆ తరువాత మళ్లీ మారవలసిన అవసరం రాని చోటు చూసుకోండి.

బడి మంచిదా కాదా అని అడగడానికి ఫలితాల పట్టిక ఒక్కటే చూడకండి. చాలా బడుల మార్కులు అక్కడ చేరే పిల్లల ఇళ్లలోని స్తోమతను కూడా చూపిస్తాయి. ఉపాధ్యాయులు ఎన్నేళ్లుగా ఉంటున్నారో, ఏటా ఎంతమంది మానేసి వెళ్లిపోతున్నారో అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మొదటి సమాధానంలోని కథ చదివే సంగతి మా వారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఫ్లాటుకు మళ్లీ వెళ్లి చూశాము. పిల్లల గది రోడ్డు వైపే ఉంది. రెండు వీధులు లోపలికి వెళ్లి చూస్తే వాతావరణమే వేరుగా ఉంది, కాని అక్కడ అమ్మకానికి ఇప్పుడు ఏమీ లేవు. ధరలు పెరిగిపోతాయన్న భయంతో ఏదో ఒకటి కొనేయాలా, లేక అద్దెకు ఉంటూ ఆగాలా? ఇన్నేళ్ల అద్దె వృథాగా పోయిందన్న బాధ ఒకటి ఉంది.

సమాధానం 4

అద్దె వృథా అన్న మాట ముందు మనసులోంచి తీసేయండి, దానివల్లే చాలామంది తప్పు ఇల్లు కొంటారు. ఒక ఉదాహరణ చూడండి. సాలుకు 9 శాతం వడ్డీతో 20 ఏళ్లకు రుణం తీసుకున్నారనీ, అసలు 100 అనీ అనుకుందాం. మొదటి నెల వాయిదాలో 83 శాతం వడ్డీకే పోతుంది. అయిదేళ్లపాటు ఒక్క వాయిదా తప్పకుండా కడితే మీ చేతినుంచి వెళ్లేది 54, అసలులో తగ్గేది మాత్రం 11 పైచిలుకు. ఇంకా 89 దాకా బాకీ ఉంటుంది. ఇరవై ఏళ్లకు మొత్తం కట్టేది దాదాపు 216. దానికి తోడు కొన్నప్పుడూ అమ్మినప్పుడూ రిజిస్ట్రేషను, దళారి రుసుము, మరమ్మతులు ఉండనే ఉంటాయి. అంటే నచ్చని ఇల్లు కొని నాలుగైదేళ్లలో వదిలేస్తే, మీరు బ్యాంకుకు అద్దె కట్టినట్లే లెక్క. ధర బాగా పెరిగితే ఆ నష్టం పూడవచ్చు, కాని దానిమీద ఆధారపడి పిల్లల చోటు నిర్ణయించకండి.

మేము చేసింది ఇది: కొనాలనుకున్న వీధికి ఆనుకుని ఉన్న వీధిలో ఏడాది అద్దెకు ఉన్నాము. అమ్మకానికి వచ్చే ఇంటి సంగతి ప్రకటన కంటే ముందు పాలు తెచ్చే మనిషికీ, పక్కింటివారికీ తెలుస్తుంది. మాకు అలాగే తెలిసింది. వానాకాలంలో ఏ ఇంటి ముందు నీళ్లు నిలుస్తాయో, వేసవిలో ఏ భవనానికి నీళ్ల ట్యాంకరు వస్తుందో, రాత్రి పదింటికి ఏ మూల దీపం వెలగదో ఆ ఏడాదిలోనే తెలుసుకున్నాము. ఈ మూడింటిలో ఏదీ ఇల్లు చూపించేవారు చెప్పరు.

ఇల్లు దొరికాక యాజమాన్య పత్రాలు సొంత న్యాయవాదికి చూపించండి, అమ్మేవారు సూచించిన న్యాయవాదికి కాదు. నెల వాయిదా మాత్రం మీ ఇద్దరిలో ఒకరి జీతం ఆగినా కొన్నాళ్లు కట్టగలిగేంతలో ఉంచుకోండి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఒకరు కొంతకాలం ఉద్యోగం మానవలసిన రోజు ఎప్పుడైనా రావచ్చు.

ప్రశ్న అడిగినవారు

శనివారం సాయంత్రం ఐదింటికి పిల్లలను వెంటబెట్టుకుని ఆ లోపలి వీధికి మరొకసారి వెళ్లాము. ఒక ఇంటి పై అంతస్తు అద్దెకు ఉందని తెలిసి ఇంటివారితో మాట్లాడుతుండగా, మా అమ్మాయి తన తరగతిలోనే చదివే పిల్లను వీధిలో చూసి పరుగెత్తింది. మేము మాట్లాడటం పూర్తయ్యేసరికి చిన్నవాడు కూడా వాళ్ల మధ్యనే ఉన్నాడు. ఎదురింటి గడపలో కూర్చున్న పెద్దావిడ వాడిని రోడ్డు వైపు పోకుండా రెండుసార్లు వెనక్కి పిలవడం నేను పైనుంచి చూశాను. శివారు ఇంటివారికి వద్దని చెప్పేశాము. వచ్చే నెల ఒకటో తేదీన ఆ పై అంతస్తులో చేరుతున్నాము. మా వారు కుండీల కోసం మేడ మీది స్థలం కొలుచుకుని వచ్చారు.