గుదిబండ అంటే వట్టి బరువేనా?

పేపర్లో గుదిబండ అన్న మాట కనిపించని వారం ఉండదు. అప్పులు గుదిబండ, వడ్డీ గుదిబండ, కరెంటు బిల్లు గుదిబండ. సిలిండరు ధర పెరిగితే ఇక చెప్పక్కర్లేదు, దాన్ని ఎలాగూ గ్యాస్ బండ అంటారు కాబట్టి హెడ్డింగు పెట్టేవాళ్ళకి పండగే. నిన్న ఇక్కడ ఒకరు "గుదిబండ అంటే మనిషిని నీళ్ళలో తోసేముందు మెడకి కట్టే రాయి కదా" అని రాస్తే కింద చాలామంది అవునవును అన్నారు. కాదండీ. అది పశువులకి కట్టేది, చాలాచోట్ల అది రాయి కూడా కాదు.

గుది అంటే పశువు మెడ నుంచి తాడుతో వేలాడదీసే మొద్దు కర్ర. ముందుకాళ్ళ మధ్యకి, మోకాళ్ళకి తగిలేంత కిందికి దిగుతుంది. ఆవు నిలబడి మేస్తున్నంతసేపూ, నింపాదిగా నడుస్తున్నంతసేపూ దానివల్ల పెద్ద ఇబ్బంది లేదు. పరుగు అందుకుందా, కర్ర ఊగి మోకాళ్ళకి టపటపా కొట్టుకుంటుంది, కాళ్ళకి అడ్డం పడుతుంది, నాలుగు దెబ్బలు తగిలేసరికి పశువే పరుగు మానేస్తుంది. ఒకచోట కట్టిపడేయకుండా, మేత మాన్పించకుండా, పరుగు ఒక్కదాన్నీ మాన్పించే ఏర్పాటు ఇది. గుదికర్ర అన్నా గుదికొయ్య అన్నా ఇదే. బండ అనే మాట చివర చేరింది కాబట్టి ఊరు చూడనివాళ్ళకి నాపరాయి గుర్తొస్తుంది, తికమకంతా అక్కడే.

ఇంకో సంగతి, దీన్ని మందలో ప్రతి గొడ్డుకీ కట్టరు. కాపరి కన్ను కప్పి పక్కవాళ్ళ చేలో పడే అలవాటున్న దానికే కడతారు, అలాంటి దాన్నే దొంగగొడ్డు అంటారు. ఎందుకంత పట్టింపు అంటే, చేలో పడిన గొడ్డుని ఆ రైతు బందెలదొడ్డికి తోలేవాడు. 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం పంట పాడుచేసిన పశువుని పట్టి దొడ్డిలో పెట్టే హక్కు ఆ పొలం వాళ్ళకి ఇచ్చింది. విడిపించుకోవాలంటే గొడ్డు యజమాని జరిమానాతో పాటు అది దొడ్డిలో తిన్న మేత ఖర్చు కూడా కట్టాలి. డబ్బు పోవడం ఒక ఎత్తు, పదిమందిలో మాట పడటం ఒక ఎత్తు. మెడలో ఓ కర్ర వేలాడదీస్తే ఆ గొడవే ఉండదు.

ఇది తెలిశాక పత్రికల వాడుకని మళ్ళీ చూడండి. "అప్పులు రాష్ట్రానికి గుదిబండ" అనడం చక్కటి ప్రయోగం, ఎందుకంటే అప్పులో ఉన్నవాడు తింటాడు, తిరుగుతాడు, ముందుకి పరిగెత్తడమే కుదరదు. కరెంటు బిల్లు మాత్రం గుదిబండ ఏమిటి, అది వట్టి భారం, భారం అంటే సరిపోతుంది. ఇక సీరియళ్ళలో కొడుకులు ముసలి తల్లిదండ్రుల్ని "మా మెడకి గుదిబండలా తయారయ్యారు" అంటుంటారు చూడండి, ఆ మాట నాకు భలే నవ్వు తెప్పిస్తుంది. గుది కట్టించుకునేది దొంగగొడ్డు కదా, అంటే అబ్బాయిగారు తనెవరో తనే చెప్పుకుంటున్నాడన్నమాట.

కింద ఇంకొకరు "పలుపు, పగ్గం, ముకుతాడు, కళ్ళెం అన్నీ ఒకటే, తాళ్ళే కదా" అన్నారు. దాన్ని మాత్రం ఒప్పుకోలేను. పలుపు మెడకి కట్టేది, దాని రెండో కొస గుంజకో రాటకో ఉంటుంది, పశువు ఎక్కడుందో అక్కడే ఉండటానికి. తెలంగాణలో చాలాచోట్ల దీన్నే తలుగు అంటారు. ముకుతాడు ముక్కు దూలానికి కన్నం పొడిచి దూర్చేది. మెడకి ఎంత గట్టి పలుపు వేసినా బలిసిన కోడె మనిషిని ఈడ్చుకుపోగలదు, ముక్కు దగ్గర మాత్రం చిన్న లాగుడికే లొంగుతుంది, అక్కడ నొప్పి అంత ఎక్కువ. అందుకే పెంకివాడికి పెళ్ళి చేస్తే "ముకుతాడు పడింది" అంటారు గానీ "పలుపు పడింది" అనరు. పగ్గం వేరే కథ. అది బండి తోలేవాడి చేతి నుంచి ఎద్దు దాకా పోయే పొడుగు తాడు, ఆపడానికీ అదే, మళ్ళించడానికీ అదే, వదులు చేస్తే ఎద్దు నడుస్తుంది. అధికార పగ్గాలు చేపట్టారు అంటే అందుకే కుదిరింది, పట్టపగ్గాల్లేకుండా తిరుగుతున్నాడు అన్నా అందుకే కుదిరింది. అదే అధికార పలుపు చేపట్టారు అని రాసి చూడండి, ఎవరో గొడ్డుని సంతకి తోలుకుపోతున్నట్టుంటుంది.

కళ్ళెం గుర్రానిది, నోట్లో ఇనప ముక్క ఉంటుంది. ధరలకి కళ్ళెం వేశారు అంటాం, జోరుగా పోతున్నదాన్ని నిలేయడం కాబట్టి బాగుంది. దీన్నీ కల్లాన్నీ కలిపేస్తున్నారు ఈమధ్య. కల్లం అంటే ధాన్యం నూర్చే చోటు, "కళ్ళెంలో ధాన్యం తడిసింది" అని ఒక వార్తలో చూసి ఆ రైతుకన్నా ఆ గుర్రం మీద జాలేసింది నాకు.

అన్నిటికన్నా నాకు నచ్చే మాట చిక్కం. సన్నటి తాడుతో వల అల్లి ఎద్దు మూతికి తగిలిస్తారు. పైరు సాళ్ళ మధ్య గుంటక తోలేటప్పుడు ఎద్దు పక్కమొక్కని అందుకోకుండా, లేగదూడ మట్టి తినకుండా. తెలుగు బైబిల్లో కూడా నూర్చే ఎద్దు మూతికి చిక్కం వేయకూడదనే చోట ఈ మాటే వాడారు, రైతుకి ఇంకే మాట పెట్టినా అంత బాగా అందదు. ఊపిరాడుతుంది, చుట్టూ కనిపిస్తుంది, ఎదురుగా ఉన్నది మాత్రం తినడానికి వీల్లేదు. షుగరు వచ్చిన మా బాబాయి పెళ్ళిభోజనాల దగ్గర "డాక్టరు చిక్కం తగిలించాడురా" అంటాడు. దానికి ఇంకో మాట పెట్టి చూశాను, ఏదీ అతకలేదు.

బంధం సంగతి కూడా చెప్పాలి, మనవాళ్ళకి అది అనుబంధమే గుర్తొస్తుంది గానీ పాడి ఉన్న ఇంట్లో బంధం అంటే తన్నే గేదెకి పాలు పిండేటప్పుడు వెనక కాళ్ళకి వేసేది. దామెన అని ఒకటుంది, పొడుగు తాడుకి వరసగా ఉచ్చులు వేసి దూడలన్నిటినీ ఒకేచోట కట్టేది. ఇది సంస్కృతం దామం వైపు నుంచి వచ్చింది, దామోదరుడిలో ఉన్నది ఆ దామమే. యశోద రోటికి కట్టబోతే ఎన్ని తాళ్ళు ముడేసినా రెండంగుళాలు తక్కువయ్యే ఆ కథలో ఆవిడ చేతికి అందింది పశువుల తాళ్ళే అయ్యుంటాయి, రేపల్లెలో ఇంకేం తాళ్ళుంటాయి చెప్పండి. శైవులైతే ఏకంగా జీవుణ్ణి పశువన్నారు, కట్టిన తాడుని పాశమన్నారు, విప్పేవాణ్ణి పతి అన్నారు.

పసుపుతాడు పలుపుతాడు అయిందని స్త్రీవాద రచనల్లో తరచూ చూస్తాం. ఒక్క అక్షరం తేడాతో తాళిని గుంజకి కట్టేసిన మాట అది. అక్కడ ముకుతాడు అన్నా పగ్గం అన్నా ఆ దెబ్బ తగలదు. శబ్దం కలిసిందని మాత్రమే కాదు, పలుపు చేసే పని కూడా అదే కాబట్టి. కదలనివ్వదు.

ఇవన్నీ ఒకప్పుడు గోగునార, జనపనార, కొబ్బరిపీచుతో పేనేవాళ్ళు. ఇప్పుడు సంతలో రంగురంగుల నైలాను తాళ్ళే, చవక, తెగవు, కానీ ముకుతాడుకి వాడితే ముక్కు ఒరుసుకుపోయి పుండవుతుంది. జంతుహింస నివారణకి 1960లో వచ్చిన చట్టం మరీ పొట్టి తాడుతోనో మరీ బరువైన గొలుసుతోనో పశువుని గంటల తరబడి కట్టేయడాన్ని నేరమంది, అయినా పశువుల పాకల్లో మూరెడు తాడుతో కట్టేసిన గేదెలు కనిపిస్తూనే ఉంటాయి. అదంతా వేరే చర్చ, ఇక్కడ వద్దు.

ఇంతకీ మీ వైపు గుదిని ఏమంటారు? చిత్తూరు, అనంతపురం వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. శ్రీకాకుళం వాళ్ళు కూడా. నిఘంటువులో మాట కాదు, మీ ఇంట్లో పెద్దవాళ్ళు అనే మాట రాయండి, రాయి కట్టేవాళ్ళా కర్ర కట్టేవాళ్ళా అన్నది కూడా.