ఓడిపోయాక వార్డులో మళ్లీ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

పెదగంట్యాడ కార్యకర్త:
నమస్కారమండీ. పార్టీ పేరు రాయను, గొడవంతా దాని మీదకే పోతుంది. 2009 నుంచి విశాఖ గాజువాకలో పోలింగ్ ఏజెంటుగా కూర్చుంటున్నాను. 2024లో మా బూత్‌లో బాగా దెబ్బతిన్నాం, ఇప్పుడు తిరిగేది నలుగురమే. పొత్తులు, పాదయాత్రలు పైవాళ్లు చూసుకుంటారు. నా చేతిలో ఉన్నది ఒక బూత్, వెయ్యి మంది పైచిలుకు ఓటర్లు. మొన్న ఆదివారం ఒక ఇంటికి వెళ్తే పెద్దావిడ మంచినీళ్లిచ్చి, "ఓట్లు దగ్గర పడ్డాయా బాబూ?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏం చేయమంటారు?

ఎంవీపీ కాలనీ వాసి:
పొత్తు తప్ప దారి లేదు బ్రదర్. 2019లో జనసేనకు ఒక్క సీటు. పవన్ కల్యాణ్ గారు మీ గాజువాకలోనే ఓడిపోయారు. 2024లో పొత్తులో నిలబడ్డ 21 చోట్లా గెలిచారు.

కంచరపాలెం మాస్టారు:
పొత్తుకి పిలవాలన్నా మన దగ్గర ఓటుండాలి కదండీ.

తమ్ముడూ, ముందు ధైర్యం తెచ్చుకో. 2019లో తెలుగుదేశానికి 23 సీట్లు, 2024లో వైసీపీకి 11. రెండుసార్లూ ఓడిన పార్టీకి ఓట్లు మాత్రం 39 శాతం దాకా ఉన్నాయి. సీట్లు పోయినంతగా జనం పోలేదు. ఆ 23 సీట్ల ఏడాదే విశాఖ తూర్పు, పశ్చిమ, ఉత్తర, దక్షిణం నాలుగూ తెలుగుదేశానివే. మళ్లీ 2021లో నగరపాలక ఎన్నికలొస్తే 98 వార్డుల్లో 58 వైసీపీకి, 30 తెలుగుదేశానికి. రెండేళ్లు తిరిగేసరికి, 2023 మార్చిలో ఉత్తరాంధ్ర పట్టభద్రుల ఎమ్మెల్సీ తెలుగుదేశం గెలిచింది.

ఆ ఎన్నికలో నేనూ ఓటర్నే. పట్టభద్రుల జాబితా ప్రతిసారీ కొత్తగా రాస్తారు, పాత పేరు పనికిరాదు. ఫారం 18 నింపి, డిగ్రీ సర్టిఫికెట్ జత చేస్తేనే ఓటు. మా ఇంటికి ఒక కుర్రాడు ఫారం తెచ్చాడు, జిరాక్సు తనే తీయించుకొచ్చాడు, పేరెక్కిందో లేదో చూసి మళ్లీ వచ్చి చెప్పాడు. ఏ జెండా కుర్రాడో చెప్పను గానీ వాడి ముఖం నాకింకా గుర్తుంది.

నీకు చెప్పేదీ అదే. ఫారం 20 తీసి చూడు, బూత్ వారీగా ఎవరికెన్ని ఓట్లో అందులో ఉంటుంది. 2019ది, 2024ది పక్కపక్కన పెట్టు. బూత్ నంబర్లు మారి ఉంటాయి, జాగ్రత్త. తర్వాత ఓటర్ల జాబితా పట్టుకుని వీధి వీధీ నడు. మీ వైపు శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు చాలామంది. ఉండేది ఇక్కడ, ఓటు ఊళ్లో. ఇక్కడికి మార్చుకుంటామన్న వాళ్లకి ఫారం 8 నింపి పెట్టు. చనిపోయిన వాళ్ల పేర్లు కూడా రాసుకో. ఇది ఎన్నికల ముందు నెలలో అయ్యే పని కాదు.

ఉక్కునగరం రిటైర్డ్:
మాస్టారు లెక్క చెప్పారు, నేను మనుషుల సంగతి చెబుతాను. 2021 జనవరిలో మా స్టీల్ ప్లాంటు అమ్మకానికి కేంద్ర మంత్రివర్గం ఊ అన్నాక కూర్మన్నపాలెం నిరసన శిబిరానికి అన్ని జెండాలూ వచ్చాయి. మైకు పట్టుకున్నవాళ్లు చాలామంది. ఫొటో అయ్యాక కూడా మాతో పాటు ఎండలో కూర్చున్నవాళ్లు కొద్దిమందే. ప్లాంటులో ఈరోజుకీ మాట్లాడుకునేది వాళ్ల గురించే. మీ వీధిలో కాంట్రాక్టు కార్మికుడి పని పోతే మొదట ఎవరి తలుపు తడుతున్నాడో కనుక్కో బాబూ. నీ తలుపు కాకపోతే అక్కణ్ణుంచే మొదలుపెట్టు.

పెదగంట్యాడ కార్యకర్త:
మాస్టారూ, బాబాయ్, చాలా థాంక్సండీ. రాత్రి కూర్చుని ఫారం 20 చూశాను. 2019లో మాకు బాగా పడి, ఈసారి తగ్గిన ఈ మా బూత్ రైతుబజారు వెనక వీధులది. మధ్యలో ఐదేళ్లు ఆ వీధుల్లోకి మేమెవరమూ వెళ్లలేదు. ఆ పెద్దావిడ ఇల్లూ అక్కడే. ఆవిడ మనవడికి వచ్చే నెల 18 నిండుతాయట. కొత్త ఓటుకి నింపే ఫారం 6 పట్టుకుని రేపు పొద్దున్నే వెళ్తున్నాను. ఓటు ఎవరికేస్తావని మాత్రం అడగను.