పొరను దాటి? త్వచము దాటి?

మలక్‌పేట పాతబడి: నిన్న చూపించుకుంటే బీపీ 150/90 వచ్చింది. ఆవకాయ తగ్గించమన్నారు. ఇంటికొచ్చే దారంతా తొమ్మిదో తరగతిలో కణంలోని సోడియం-పొటాషియం పంపు గురించి మా సైన్సు సారు కట్టి చెప్పిన ఆటవెలది నోట్లో నానుతూనే ఉంది.

ఉప్పు మూడు పోవ నొప్పుగా లోనికి
బూది రెండు చేరు ... దాటి

ఆ ఖాళీలో "పొరను"నా, "త్వచము"నా? రెండూ కణాన్ని చుట్టి ఉండేదానికి పేర్లే. తర్వాతి పాదాలు అసలే గుర్తు లేవు. ఉప్పంటే సోడియం, బూది అంటే పొటాషియం. ఒకప్పుడు కట్టెల బూడిదలోంచే కదా పొటాష్ తీసేది.

ఛందోపిచ్చి: పొరను. ఇందులో అడగడానికేముంది? పాదం మొదటి అక్షరం "బూ"తో "పొ"కి యతి చక్కగా కుదిరింది. "త్వ" పెడితే యతి గోవిందా.

కోఠి పాతపుస్తకం: యతి చూసుకుని పాఠం చెప్తారా ఎవరైనా? తెలుగు మీడియం వాళ్ల నోటికి "కణత్వచం" తప్ప ఇంకోటి రాదు. గణమూ సరిపోయింది, రెండూ నగణాలే.

ఛందోపిచ్చి: "చేరు త్వచము" అన్నప్పుడు "రు" గురువైపోదూ?

కోఠి పాతపుస్తకం: అవదు. సమాసం కాదు, విడి పదాలు. మీకు తెలియక అడిగారనుకోను.

ల్యాబ్ మనిషి: సారు లెక్క మాత్రం కరెక్టు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒక్కోదానికి మూడు సోడియంలు బయటికి, రెండు పొటాషియంలు లోపలికి. 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త స్కౌ పీత నరాల్లో ఈ పంపును పట్టుకున్నాడు, నోబెల్ 1997లో వచ్చింది. నా ఓటు త్వచానికి. పొర అంటే ఒకటే అనిపిస్తుంది, ఇక్కడున్నవి రెండు వరుసల లిపిడ్లు, అంటే కొవ్వులు. 1925లో ఎర్ర రక్తకణాల కొవ్వు తీసి నీళ్ల మీద పరిస్తే కణాల ఉపరితలానికి రెట్టింపు వచ్చింది.

ఉల్లిపొర: త్వచమంటే మాత్రం ఏమిటండీ? తోలు, బెరడు! నూనెలా కదిలేదాన్ని తోలు అంటారా? పాల మీద మీగడ కట్టేది పొర. గరిట పెడితే జరుగుతుంది, మళ్లీ కలుస్తుంది.

ల్యాబ్ మనిషి: కొలెస్టరాల్ ఎక్కువైతే ఆ జరగడమే తగ్గుతుంది, అందులో కూర్చున్న పంపు పనీ మారుతుంది. బీపీ వాళ్ల ఎర్రకణాల్లో త్వచం దాటి జరిగే సోడియం-లిథియం మార్పిడి సగటున ఎక్కువని 1980లో చూశారు. అందరిలోనూ కాదు.

ఉల్లిపొర: అయితే బీపీ వాళ్లకి తోలు, మిగతావాళ్లకి పొర. రాజీ పడదాం.

ఛందోపిచ్చి: అసలు సంగతి వదిలేశారు. సారు వేమన దగ్గర ఉప్పుతో పాటు యతి కూడా అప్పు తెచ్చుకున్నారు. "ఉప్పు కప్పురంబు"లోనూ ఉకారానికి "నొక్క"లోని ఒకారమే. ఒక్కలా కనిపించేవాటిని వేమన రుచి చూసి విడదీయమన్నాడు, పంపు చేసేదీ అదే. వేమన పక్కన నాకు ఇంకెవరూ ఆనరు. మూడో పాదం ఇలా ఉండి ఉంటుంది:

పంపు మందగింప బండగు నాళము

ల్యాబ్ మనిషి: బండ కాదండీ. పంపు మందగిస్తే కణంలో సోడియం పేరుకుంటుంది, దాంతో కాల్షియం బయటికి పోవడం తగ్గి రక్తనాళం గోడలోని కండరం బిగుస్తుంది. "బిగియు" అనాలి.

ఛందోపిచ్చి: పం-బి యతి చెల్లదు. కండరాన్ని బండ చేయండి, నేను పద్యాన్ని చెడగొట్టను.

కోఠి పాతపుస్తకం: ఇందాక సారు యతి కచ్చితంగా పాటించారన్నది మీరే. ఇప్పుడు సైన్సు సారు చేత సైన్సు తప్పు రాయిస్తున్నదీ మీరే.

మలక్‌పేట పాతబడి: పొద్దున నా పక్క బెంచీవాడికి ఫోన్ చేశాను. వాడు రెండూ కాదంటాడు. "గోడ దాటి" అట! సారు ఆ రోజు ఉల్లిపాయ పలచటి పొర ఒలిచి, కిటికీ వెలుతురుకి పెట్టి, వేలితో గళ్లు చూపించారు. అది నాకూ గుర్తే.

ఛందోపిచ్చి: గల గణం, ఛందస్సు సరే. బూ-గో? యతి ఏది?

ల్యాబ్ మనిషి: ఎర్రకణానికి గోడ ఎక్కడిది! ఉల్లికి ఉంది, కానీ దానిలో ఈ పంపు లేదు.

ఉల్లిపొర: చూశారా, ఆయన కూడా "పలచటి పొర ఒలిచి" అనే రాశారు.

మలక్‌పేట పాతబడి: అది నా మాటండీ, సారుది కాదు.