అమ్మాయి కాలేజీకి ఎలక్ట్రిక్ బండి: లైసెన్సు అక్కర్లేదన్న మాట ఎంతవరకు నిజం?

ప్రశ్న (మల్కాజిగిరి నుంచి ఒక తండ్రి)

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి 16 ఏళ్లు నిండాయి. ఈ ఏడాది తార్నాక వైపు ఒక జూనియర్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరింది. దూరం ఐదారు కిలోమీటర్లే అయినా పొద్దున పూట బస్సులో కాలు పెట్టే చోటుండదు, రోజూ ఆటోకు ఇచ్చుకోవడం మాకు భారం. అందుకని పోయిన ఆదివారం ఇద్దరం ఒక దుకాణానికి వెళ్లి ఎలక్ట్రిక్ బండ్లు చూశాం. మూడు రకాలు చూపించారు: తొక్కితేనే మోటారు సాయం చేసే సైకిలు, నంబరు ప్లేటు లేని చిన్న స్కూటరు, ఆకుపచ్చ ప్లేటుతో వచ్చే పెద్ద స్కూటరు. రెండోదానికి లైసెన్సు గానీ రిజిస్ట్రేషన్ గానీ అక్కర్లేదని అమ్మే అబ్బాయి గట్టిగా చెప్పాడు. ఆ వెంటనే, స్పీడు చాలకపోతే లిమిట్ తీసేస్తామని, 45 వరకు పోతుందని, అది ఐదు నిమిషాల పని అని కూడా చెప్పాడు. ఈ రెండు మాటలూ నాకు పొసగలేదు. పైగా డాలస్‌లో ఉన్న మా బావమరిది సంక్రాంతికి వస్తూ తన ఈ-బైకు తెచ్చి మేనకోడలికి ఇస్తానంటున్నాడు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు (రవాణా శాఖలో పనిచేసి రిటైరైన వ్యక్తి, ఉప్పల్)

అయ్యా, మీ అనుమానం సరైనదే. అతను చెప్పిన రెండు మాటలూ ఒకే బండికి వర్తించవు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి రెండో నియమంలోనే బ్యాటరీ బండికి నిర్వచనం ఉంది. మోటారు అరగంటపాటు నిలకడగా ఇవ్వగల శక్తి 250 వాట్ల లోపు ఉండి, బండి గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, ఈ రెండింటినీ 126వ నియమం కింద గుర్తింపు ఉన్న పరీక్ష సంస్థ, అంటే పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటివి, పరీక్షించి ధ్రువీకరిస్తే, ఆ బండిని మోటారు వాహనంగా లెక్కించరు. మోటారు వాహనం కాదు కాబట్టే లైసెన్సు, ఆర్‌సీ, బీమా అడగరు. తొక్కితే సాయం చేసే సైకిలుకూ దాదాపు ఇదే నియమం: వేగం 25కు చేరేసరికి మోటారు సాయం క్రమంగా తగ్గి ఆగిపోవాలి, తొక్కడం మానేస్తే అంతకు ముందే ఆగాలి, మంచి బ్రేకులతోపాటు ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి.

ఇందులో కీలకం పరీక్ష సంస్థ ధ్రువీకరణ. దుకాణంవారి మాటకు గానీ, బండిమీద అంటించిన స్టిక్కరుకు గానీ చట్టం దృష్టిలో విలువ లేదు. ఏ మోడల్‌ను పరీక్షించారో ఆ మోడల్ పేరుతోనే పత్రం ఉంటుంది, దాని నకలు అడగడం కొనేవారి హక్కు. ఇక లిమిట్ తీసిన నిమిషం నుంచీ అది మోటారు వాహనమే, అదీ రిజిస్ట్రేషన్ లేని, బీమా లేని మోటారు వాహనం. దారిలో ఎవరికైనా తగిలితే నష్టపరిహారం మొత్తం మీ జేబులోంచే కట్టుకోవాలి. నడిపేది మైనరు కాబట్టి 2019 సవరణతో చట్టంలో చేరిన 199ఏ సెక్షన్ కూడా వర్తిస్తుంది. దాని ప్రకారం తల్లిదండ్రులకు 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు, పిల్లకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఐదు నిమిషాల పనికోసం అంత ముప్పు నెత్తిన పెట్టుకోకండి.

ఆకుపచ్చ ప్లేటు బండికి మాత్రం అన్నీ ఉండాలి. తెలంగాణలో 2024 నవంబరులో వచ్చిన ఉత్తర్వుల ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు వాటికి రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించారు గానీ, లైసెన్సు, బీమా, హెల్మెట్ విషయంలో మినహాయింపు ఏదీ లేదు. అమ్మాయికి 18 నిండాక ఆ సంగతి ఆలోచించండి.

జవాబు (సైకిళ్లు, ఎలక్ట్రిక్ బండ్లు బాగుచేసే మెకానిక్, రాంనగర్)

పెద్దాయన చట్టం చెప్పారు, నేను నా చేతుల్లోకి వచ్చే బండ్ల సంగతి చెబుతాను. ఆ అబ్బాయి తీస్తానన్నది చాలా బండ్లలో కంట్రోలర్, అంటే మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే పెట్టె, దగ్గరుండే చిన్న వైరు జత. దాన్ని ఊడదీస్తే వేగం పెరుగుతుంది, నిజమే. కానీ చక్రం, టైరు, బ్రేకు, ఫ్రేము అన్నీ 25 వేగానికి తగ్గట్టు చేసినవే ఉంటాయి. మొన్న ఒక కుర్రవాడి బండి నా దగ్గరికి వచ్చింది. కంట్రోలర్ మూత తీయగానే కాలిన వాసన గుప్పుమంది. మోటారుకు వెళ్లే మూడు లావు వైర్ల కనెక్టరు కరిగి ముద్దయి ఉంది, పసుపు వైరు మీది తొడుగు నల్లబడి రాగి బయటపడింది. వెనక డ్రమ్ము బ్రేకు షూలు రేకు తేలేదాకా అరిగిపోయాయి. ఆ కుర్రవాడు ఏ బస్సు కిందా పడకుండా నా దాకా వచ్చాడని లోపల్లోపల దేవుడికి దండం పెట్టుకున్నాను.

బ్యాటరీ గురించీ ఒక మాట చెప్పాలి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూము, పైన లాడ్జీ ఉన్న భవనంలో మంటలు రేగి 8 మంది చనిపోయారు. అప్పటినుంచి నా దగ్గరికి వచ్చేవారందరికీ చెబుతూనే ఉన్నాను: రాత్రి అందరూ పడుకున్నాక చార్జింగు పెట్టవద్దు, మెట్ల కిందా గుమ్మం పక్కనా అసలే వద్దు, బండితో వచ్చిన చార్జరు తప్ప వేరేది వాడవద్దు.

జవాబు (గచ్చిబౌలిలో ఉద్యోగిని)

పెడల్ అసిస్ట్ సైకిలు మీద రెండేళ్లుగా ఆఫీసుకు వెళ్తున్నాను, కాబట్టి మొదటి రకం గురించి నేను చెప్పగలను. ఇందులో రెండు తీరులున్నాయి. ఒకదానిలో పెడలు తిరుగుతోందా లేదా అన్నది మాత్రమే సెన్సారు చూస్తుంది, కాలు కదిలించగానే మోటారు ఒక్కసారిగా లాగుతుంది. రెండోదానిలో మనం ఎంత బలంగా తొక్కుతున్నామో కొలిచి అంతకు తగినట్టు సాయం చేస్తుంది. ధర ఎక్కువే గానీ, ట్రాఫిక్‌లో సిగ్నలు దగ్గర మెల్లగా కదిలేటప్పుడు ఆ తేడా కాళ్లకు తెలిసిపోతుంది.

250 వాట్లు ఎక్కుడుకు చాలవేమోనని అందరూ అడుగుతారు. లెక్క వేసి చూడండి: మనిషి, సైకిలు కలిపి 100 కిలోలనుకుంటే, వంద మీటర్లకు ఐదు మీటర్లు లేచే ఎక్కుడును గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి సుమారు 200 వాట్లు కావాలి. అంటే ఒక్కరికి సరిపోతుంది. అదే వెనక స్నేహితురాలిని కూర్చోబెట్టుకుంటే 300 దాటుతుంది, మోటారు వేడెక్కిపోతుంది. ఆ ఒక్క విషయం మీ అమ్మాయికి ముందే చెప్పండి.

డాలస్ బైకు మాత్రం వద్దనే అంటాను. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఈ-బైకులను మూడు తరగతులుగా విభజించాయి, మోటారు 750 వాట్ల వరకు ఉండవచ్చు, మూడో తరగతి గంటకు 28 మైళ్ల దాకా, అంటే సుమారు 45 కిలోమీటర్ల దాకా సాయం చేస్తుంది. అక్కడ సక్రమమైనదే ఇక్కడ మోటారు వాహనం అవుతుంది. పైగా 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలో సామానుగా తేనివ్వరు. వాట్-అవరు అంటే బ్యాటరీలో పట్టే శక్తి కొలత, వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వస్తుంది. 36 వోల్టుల 10 ఆంపియర్-అవర్ల మామూలు సైకిలు బ్యాటరీయే 360 వాట్-అవర్లు వస్తుంది. మీ బావమరిదిగారిని ఒక మంచి హెల్మెట్ తెమ్మనండి. మోటారు వాహనం కాని బండికి చట్టం హెల్మెట్ అడగకపోయినా, తార్నాక కూడలిలో బస్సుల మధ్య వెళ్లే పిల్ల తలకు అది తప్పకుండా ఉండాలి.

ప్రశ్న అడిగిన తండ్రి

మీ ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. నిన్న అదే దుకాణానికి వెళ్లి ధ్రువపత్రం నకలు అడిగాను. ఈ మోడలుది ఇంకా రాలేదని, వారంలో వస్తుందని అన్నారు. వచ్చాకే మాట్లాడుకుందామని చెప్పి బయటికి వచ్చాం. మరో దుకాణంలో పెడల్ అసిస్ట్ సైకిలుకు పత్రం అడగ్గానే చూపించారు. మోడల్ పేరు, 250 వాట్ల లోపు మోటారు అన్న వివరం సైకిలు ఫ్రేము మీది పట్టీతో సరిపోయాయి. మా అమ్మాయి దానిమీద వీధి చివరిదాకా వెళ్లి వచ్చి, ఎక్కుడులో ఆయాసం రాలేదని చెప్పింది. శుక్రవారం తెచ్చుకుంటున్నాం.