గోడ స్విచ్ ఆపితే మర్నాడు విండోస్ లేవదు, లినక్స్ లేస్తుంది. డిస్క్ పోయినట్టేనా?

ప్రశ్న:
తిరుపతిలో ఐటీఐ, కోపా (కంప్యూటర్ ఆపరేటర్) ట్రేడ్ చేస్తున్నానన్నా. రూములో సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ ఉంది. హెచ్61 బోర్డు, మూడో తరం ఐ3, 4 జీబీ డీడీఆర్3, 500 జీబీ హార్డ్ డిస్క్. విండోస్ 10, లినక్స్ మింట్ రెండూ వేశాను. రాత్రి గోడ స్విచ్ ఆపేస్తాం. పొద్దున ఆన్ చేస్తే ముందు ఎఫ్1 నొక్కమంటుంది. తర్వాత విండోస్ ఎంచుకుంటే నీలం తెర, "ఇనాక్సెసబుల్ బూట్ డివైస్". మింట్ మాత్రం మామూలుగా లేస్తుంది. షాపులో బయోస్‌లో (ఆన్ చేయగానే ముందు నడిచే, బోర్డు సెట్టింగులుండే ప్రోగ్రామ్) ఏదో మార్చిస్తే ఆ సాయంత్రం రెండూ లేచాయి, మర్నాడు మళ్లీ అదే. ఇంకోటి, మింట్‌లో సీ ప్రోగ్రామ్ మార్చి సేవ్ చేసి మేక్ (సోర్సు నుంచి ప్రోగ్రామ్ తయారుచేసే కమాండు) కొడితే "అప్ టు డేట్" అంటుంది, పాత ప్రోగ్రామే నడుస్తుంది. నెట్ ఎప్పుడో ఒకసారి ఫోన్ హాట్‌స్పాట్‌తోనే.

జవాబు 1:
విండోస్ మళ్లీ వేసెయ్ తమ్ముడూ. అప్పటికీ కాకపోతే ఎస్‌ఎస్‌డీ పెట్టు.

జవాబు 2:
వద్దు. ఇప్పుడున్న సెట్టింగ్‌లో మళ్లీ వేస్తే లేస్తుంది కూడా, అసలు జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది, అంతే.

గోడ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపు ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) ఊదా వైరు మీద 5 వోల్టుల స్టాండ్‌బై వస్తుంటుంది, బయోస్ గడియారం దాంతోనే నడుస్తుంది. స్విచ్ ఆపగానే భారం బ్యాటరీ మీద పడుతుంది. అది చచ్చిపోయి ఉంటే తేదీతోపాటు సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. మీ బోర్డులో సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే తీరు) ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి పడిపోతున్నట్టుంది. విండోస్ తనను ఇన్‌స్టాల్ చేసినప్పటి మోడ్‌కి తగ్గ డ్రైవరునే బూట్‌లో ఎక్కించుకుంటుంది, మోడ్ మారితే డిస్క్ కనపడక నీలం తెర. మింట్ దగ్గర రెండు డ్రైవర్లూ సిద్ధంగా ఉంటాయి కాబట్టి దానికి ఇబ్బంది లేదు.

మేక్ సంగతీ ఇదే. అది ఫైలు లోపల ఏముందో చూడదు, తేదీలే చూస్తుంది. నిన్న సరైన తేదీతో తయారైన ప్రోగ్రామ్ కంటే, ఈరోజు వెనకబడ్డ గడియారంతో సేవ్ చేసిన సోర్సు పాతదిగా కనిపిస్తుంది. ఇక మళ్లీ కంపైల్ ఎందుకు చేస్తుంది? ప్రస్తుతానికి మేక్ పక్కన అడ్డగీత, కేపిటల్ బీ కొట్టండి, బలవంతంగా చేస్తుంది.

డిస్క్ మీద అనుమానం తీరాలంటే మింట్‌లో డిస్క్స్ తెరిచి స్మార్ట్ వివరాల్లో (డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే పట్టిక) 5వ నంబరు, 197వ నంబరు వరుసలు చూడండి, పాడైన సెక్టార్ల లెక్క అక్కడుంటుంది. రెండూ సున్నా అయితే ఆ మాట వదిలేయండి.

జవాబు 3:
మార్చే ముందు బయోస్ పేజీలన్నీ ఫోన్‌లో ఫొటో తీసుకో. పవర్ కార్డు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టు. పక్కనున్న క్లిప్‌ను వేలిగోరుతో జరిపితే బ్యాటరీ పైకి లేస్తుంది. మల్టీమీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టి కొలువు. కొత్తదైతే 3 వోల్టులు దాటి చూపిస్తుంది, 2.7 కంటే తక్కువుంటే పారెయ్.

గాంధీ రోడ్డులో వాచీ కొట్లో సీఆర్2032 అని పేరు చెప్పి అడుగు. 2025 ఇస్తే తీసుకోకు. చివరి రెండంకెలు మందం, అది 2.5 మిల్లీమీటర్లే, సాకెట్‌లో వదులై మళ్లీ ఇదే గోల. ప్లస్ వైపు పైకి. తర్వాత తేదీ, సాటా మోడ్ ఏహెచ్‌సీఐ, బూట్ వరుస సరిచేసి ఎఫ్10 నొక్కి సేవ్ చెయ్. కొత్తది వేసినా నిలవకపోతే క్లియర్ సీమాస్ జంపర్ (బయోస్ సెట్టింగులు చెరిపేసేందుకు బోర్డు పిన్నులకు తొడిగే చిన్న టోపీ) 2-3 పిన్నుల మీద ఉందేమో చూడు, మామూలుగా 1-2 మీద ఉండాలి.

అడిగినవారు:
పాతది 2.31 చూపించింది. కొత్తది వేశాను, స్విచ్ ఆపినా రెండూ లేస్తున్నాయి. డిస్క్‌లో రెండూ సున్నాలే. కానీ మింట్ వాడి విండోస్‌కి వస్తే టైము ఐదున్నర గంటలు వెనక ఉంటోంది. ఈ బ్యాటరీ కూడా నాసిరకమా?

జవాబు 2:
సరిగ్గా ఐదున్నరే తేడా అంటే బ్యాటరీ తప్పు కాదు. మింట్ బోర్డు గడియారంలో యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తోంది, విండోస్ దాన్నే మన టైము అనుకుంటోంది. మింట్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్, పక్కన సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని కొట్టి, విండోస్‌లో ఒకసారి టైము సరిచేయండి. ఆ తర్వాత ఒట్టి టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొడితే మింట్ ఒక హెచ్చరిక చూపిస్తుంది, రెండు ఓఎస్‌లున్న మీ మెషీన్‌కి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.