రకూన్ల మేత వేళలు, వాతావరణం: రాత్రివేటపై అనుభవజ్ఞుల సలహా కావాలి

అమెరికాలోని కెంటకీలో, వేటకు అనుమతి ఉన్న కాలంలో, ట్రీయింగ్ వాకర్ జాతి కుక్కలతో రాత్రిపూట రకూన్ల (రాత్రివేళ తిరిగే, చెట్లెక్కే చిన్న అడవి జంతువుల) వేటకు వెళ్తుంటాను. నేల తడిగా ఉండి గాలి నెమ్మదించిన రాత్రుల్లో వాసన నిలుస్తుంది కాబట్టి కుక్కలు జాడ విడవకుండా చెట్టు మొదలు దాకా వెళ్తాయి. గడ్డకట్టే చలి వరుసగా సాగితే మాత్రం రకూన్లు తొర్రల్లోంచి అరుదుగానే బయటికి వస్తాయి. ఇంతవరకు స్పష్టమే. నాకు తేలనిది చలి విరిగిన తొలి రాత్రి సంగతి. ఆకలిగొన్న రకూన్లు చీకటి పడగానే ఓక్ కాయల కోసం గానీ, కోత ముగిసిన మొక్కజొన్న చేలల్లోకి గానీ వస్తాయా, లేక అర్ధరాత్రి దాటాకనా? 1926లో జాన్ ఆల్డెన్ నైట్ ప్రతిపాదించిన సిద్ధాంతంపై ఆధారపడి, చంద్రుని గమనాన్ని బట్టి మేత వేళలను సూచించే సోలూనార్ పట్టికలు ఇందుకు పనికొస్తాయా? కుక్కలను వృథాగా అలసట పెట్టడం నాకు ఇష్టం లేదు కనుక, దయచేసి మీ అనుభవాన్ని వివరంగా తెలపండి.